మా ఆకుకు రెండు నిమిషాలు

తొందర మనిషికి లేదులే నాయనా, నువ్వన్నది నిజమే. ఫోన్లో అడిగితివి గదా, "అంత బిరీన పొయ్యే రైళ్లు దేశమంతా ఏమిటికి జేజీ, అంత తొందర ఎవరికుండాది?" అని. మా కాలంలో ఊరికి పోవల్లంటే సద్ది మూట కట్టుకోని బయల్దేరుతాంటిమి, ఎప్పుడు చేరితే అప్పుడే. తొందరుండేది తమలపాకుకు. నీ చెల్లెల్ని గూడా పిలువు, ఇద్దురూ వినండి. మీకు ఈ సంగతి ఎవరూ చెప్పుండరు.

నేను కోడలుగా వచ్చింది కడప పక్క, పెన్నేటి గట్టునుండే ఊరికి. మా అత్తకు ఎకరా ఆకుతోట. బయట ఎండకు కాళ్లు బొబ్బలెక్కుతాండ్య, తోటలోకి అడుగు పెడితే మాత్రం సల్లగా బాయిలోకి దిగినట్లుండేది. వరసగా అవిసె చెట్లు, వాటిని పట్టుకోని పైకి పాకిన తీగెలు, నడుమ నీళ్ల కాలవలు. ఆ తోటలోకి ఎవరూ చెప్పులేసుకోని పోగూడదు. గుడి ఎట్లనో అదీ అట్లనే. మా మామ గూడా తడక బయట చెప్పులిడిసి, కండవ నడుముకు చుట్టుకోని లోపలికి పొయ్యేవాడు.

పొద్దున్నే ఆకు కోసేది మొగోళ్లు. నూరాకులు ఒక కట్టగా పేర్చేది మేము. గంపలో తడిపిన అరటి పట్టలు పరిచి, కట్టలు పెట్టి, పైన అరిటాకు కప్పి, నారతో కుట్టేస్తాంటిమి. ఆ గంపలన్నీ బండికెత్తుకోని సాయిబు మామ టేషనుకు తోలేవాడు. మాకు సుట్టం గాదు, అయినా నేను మామా అనేదాన్ని, ఆయప్ప నన్ను కోడలా అనేవాడు. టేషను ఆరు మైళ్లు. నడుమ ఏట్లో ఇసుక. ఎద్దులు మోకాళ్ల దాకా దిగబడేవి.

కడుపు మండే మాట ఒకటి చెప్తా విను. రైలు పట్టాలు మా తోట ఎనకాలనే ఉండ్య. పిలిస్తే పలికేంత దూరం. మద్యాన్నం పాసింజరు మా కళ్ల ముందే కూత పెట్టుకుంటా పొయ్యేది. దాన్నెక్కించడానికే మేము ఆకును ఆరు మైళ్లు ఎండలో తోలాల. బండి ఆలిస్యమైతే గంపలు రేపటి రైలు దాకా ఆడనే పడుండాల. ఆమీట గుంతకల్లులో మెయిలుకు మార్చి, షోలాపూరుకు చేరేతలికి కట్టలో సగం నల్లగా అయిపొయ్యేది. మండీ నుంచి కార్డు వచ్చేది, సరుకు చెడిపోయిందని. మూడు కార్డులొచ్చినాక ఒక మాపు మా మామ అన్న్యాడు: "ఉగాది దాటినాక తోట తీసేస్తా. మంగంపేట పక్క ముగ్గురాయి గనుల్లో పనుందంట, పోతా."

మా అత్త ఆ పూట సంగటి ముట్టలేదు, అంతే. ఆయమ్మ పెండ్లయి వచ్చిన ఏడు నాటిన తోట అది.

రైలు ఈడ ఆపండని ఊరి పెద్దలు రెండు సార్లు అర్జీ రాసిరి. ఆడ ఎక్కే జనం లేరని జవాబొచ్చె. మూడో సారి రాస్తే, చూసిపోదామని ఒక ఆఫీసరు వస్తాండాడని తెలిసె. అప్పుడు మావోళ్లు ఏం చేసిరో తెల్సా? జనం గావాల గదా అని చుట్టుపక్క మూడూర్ల నుంచి సుట్టాలను బండ్లల్లో తోలకొచ్చి, కొత్త కోకలు కట్టించి, మూటలు సంకలో పెట్టి పట్టాల పక్కన నిలబెట్టిరి! తిరనాల మాదిరి ఉండ్య.

ఆఫీసరు ట్రాలీ మీద వచ్చె. నలుగురు నూకతాంటే పట్టాల మీద పొయ్యే బండి అది. ఆయప్ప మాట రవంత అరవ యాసగా ఉండ్య. అందర్నీ ఒకసారి చూసి, ముందర నిలబడిన ముసలామెను అడిగె:

"యాడికి పోతావమ్మా రైల్లో?"

"నేనా? నేను యాడికీ పోను నాయనా. ఈడ నిలబడమన్న్యారు, నిలబడితి. భోజనం పెడ్తామన్న్యారు."

నవ్వల్నో ఏడవల్నో తెల్దు. మా మామ తల కిందికేసుకున్న్యాడు. ఆఫీసరు పుస్తకం మూసి ట్రాలీ పక్కకు తిరిగె. అయిపాయ అనుకుంటిమి.

ఎనకనుంచి మా అత్త గొంతు. ఆయమ్మ మొగోళ్ల ముందర మాట్లాడింది నేను అదే మొదటిసారి వినడం.

"జనాన్ని చూడొద్దు సామీ. ఆకును చూడు. ఆ తోట మాదే, వచ్చి చూసిపో."

ఆయప్ప ఏమనుకున్న్యాడో, వచ్చె. ఎనక ఊరంతా వచ్చె. తడక కాడికి వచ్చేతలికి ఆయప్ప కాళ్లకు బూట్లు, పిక్కల దాకా తాళ్లు. పెద్దలు "ఏం గాదు సార్, రాండి, అట్లనే రాండి" అంటాండారు. మా అత్త తడకకు అడ్డంగా నిలబడె.

"బూట్లిడిసి రా నాయనా."

"ఏయ్, నోరు మూసుకో!" అని మా మామ పళ్లు కొరికె. ఇంగ రైలూ లేదు, తోటా లేదనుకుంటి. ఆఫీసరు మా అత్తను ఒక నిమిషం చూసె. ఆమీట గట్టు మీద కూసోని, ఒక్కో తాడే విప్పి, బూట్లు పక్కన పెట్టి, ఉత్త కాళ్లతో లోపలికి వచ్చె.

ఆ పొద్దే నీళ్లు కట్టిండ్య. తడి మట్టిలో కాలు పెట్టినాడో లేదో ఆయప్ప మొగం మారిపాయ. నాలుగు అడుగులేసి నిలబడి, బయట ఎండను చూసె, తిరిగి తన కాళ్లను చూసుకునె. "ఇంత సల్లని తావు నుంచి తీసి ఆ ఎండలో పంపిస్తారా?" అన్న్యాడు. మేము మూడు అర్జీల్లో చెప్పలేనిది ఆయప్ప కాళ్లకు తెలిసిపాయ.

మా అత్త నన్ను చూసె. నేను పొయ్యి మూడు కట్టలు తెచ్చి ఆయప్ప ముందర విప్పితి.

"ఇది ఈ పొద్దు కోసింది, ఇది నిన్నటిది, ఇది మొన్నటిది," అనె అత్త.

ఆయప్ప మూడూ వాసన చూసె. "ఇప్పుడు షోలాపూరుకు చేరేది ఏది?"

"మొన్నటిది. రైలు ఈడ ఆగితే నిన్నటిది."

నాకు నోరాగలేదు. "మేము నడుస్తాం సార్, ఎంత దూరమైనా నడుస్తాం. ఆకు నడవలేదు, కాసుకోని ఉండలేదు" అంటి.

ఆయప్ప సాయిబు మామ పక్కకు తిరిగె. "మరి రైలు ఈడనే ఆగితే నీ బండికి పని పోదా?"

"నన్నడగొద్దు సార్, నా ఎద్దుల్ని అడుగు. అర్జీ మీద అవే ముందర సంతకం పెడ్తాయి."

ఆఫీసరు నవ్వె. మాటైతే ఇయ్యలేదు. బూట్లేసుకోని పాయ.

ఉగాది ఇంగ పది దినాలుందనంగా కాయితం వచ్చె. పాసింజరు మా తోట ఎనక ఆగుతాదంట. రెండంటే రెండు నిమిషాలు. మూడు నెల్లు చూస్తారంట. మా వల్ల బండి ఒక్కసారి ఆలిస్యమైనా ఆపేస్తారంట.

ముప్పై గంపలు, రెండు నిమిషాలు. ఎట్ల? ఊరి బండ్లన్నీ తెచ్చి వరసగా నిలబెట్టి రైలనుకుంటిమి. బడి అయ్యవారు చేతిగడియారం పట్టుకునె. మా మామ ఇనప ముక్క మీద సుత్తితో కొడ్తే రైలు ఆగినట్లు, మళ్లా కొడ్తే కదిలినట్లు. మొదటి దినం సగం గంపలు కిందనే ఉండిపాయ, ఒకాయన గంపతో పాటు బండ్లో పడె. "నువ్వు షోలాపూరుకే పోతాండావు లేప్పా, నీకూ నార కట్టాల్నా?" అని సాయిబు మామ ఎగతాళి చేసె.

దావ చూపింది మా అత్తనే. "ఈ గంపలు ఇద్దురు మొగోళ్లు ఎత్తేటివి. ఒక ఆడమనిషి ఎత్తేంత గంపలు అల్లించండి. ఎవరూ పరుగెత్తొద్దు. వరసగా నిలబడి చేతులు మార్చండి" అనె. గంపలు రెండింతలాయ, ఎత్తే పొద్దు మాత్రం సగమాయ. ఆడోళ్లమే ఇరవై మందిమి వరసలో నిలబడితిమి. నేను ఆఖర్న, రైలు తలుపు కాడ.

ఆ దినం పాసింజరు కూత పెట్టి, మా ముందర నిదానించి, నిదానించి, ఆగె. ఆగింది నాయనా! రైల్లో జనమంతా కిటికీల్లోనుంచి తలకాయలు బయట పెట్టి చూస్తాండ్రి. మా మామకు సుత్తి కొట్టేది గూడా మతికి రాలేదు. గంప తర్వాత గంప చేతుల మీద ఏరు పారినట్లు పాయ. ఆఖరి గంప నేనందించి ఎనక్కి తిరిగితే అయ్యవారు గడియారం పైకెత్తి కేక పెట్టె: "ఇంగా టైముండాది!"

గార్డు పచ్చజెండా ఊపేదాకా ఊరంతా ఈలలు, కేకలు. నా జన్మలో అంత గట్టిగా అరిచింది లేదు. మా అత్త మాత్రం కొంగుతో మొగం తుడుచుకుంటా నిలబడె.

వారానికి కార్డొచ్చె. ఆకు ఇప్పుడు కోసినట్లుందని, ఇంగా పంపమని. మా మామ తోట తీసేదానికని సానబెట్టించుకున్న గడ్డపారతోనే ఇంగో అరెకరాకు కాలవలు తవ్వె. మూడేండ్లలో ఊర్లో పదకొండు తోటలాయ. గంపలల్లేటోళ్లు రెండు కుటుంబాలొచ్చి ఊర్లో దిగిరి. అరటి నారకు రేటు పుట్టె. సాయిబు మామ ఏట్లోకి దిగే పని లేక తోటల నుంచి పట్టాల కాడికి దినానికి నాలుగు సార్లు తోలి ఇంగో జత ఎద్దులు కొనె, ఆయప్ప పెండ్లాం ఆడనే టీ అంగడి పెట్టె. ఇంతా చేస్తే మా ఊర్లో రైలెక్కిన జనమెంత? నలుగురైదుగురు. టికెట్లు చూసి లెక్కేసుంటే మా ఊరు ఈ పొద్దుకీ అర్జీలు రాస్తానే ఉండేది.

అందుకే చెప్తాండా, వేగంగా పొయ్యే రైళ్లు ఏమిటికని అడిగేటోళ్లు ఎక్కే మనిషిని ఒక్కణ్నే చూస్తాండారు. పత్తికొండలో టమేటాలు రోడ్డు మీద పారబోసినారని టీవీలో చూపించినప్పుడంతా నాకు ఆ నల్లబడిన ఆకు కట్టలే మతికొస్తాయి. అవి మాపటికి ఢిల్లీ చేరేటట్లుంటే ఆ రైతుకు ఢిల్లీ గూడా సంత మాదిరే గదా. వేయనీ నాయనా, పట్టాలు దేశమంతా వేయనీ.

ఒకటి మాత్రం నాకు ఇంగా తేలలేదు. మూడు నెల్లు దాటినాక, ఇంగ ఆగేది ఖాయమని చెప్పేదానికి ఆ ఆఫీసరు మళ్లా వచ్చె. అప్పటికి నా చెవిన ఒక మాట పడింది. మా పై టేషన్లో ముందర అయిదు నిమిషాలు ఆగే అదే పాసింజరు ఇప్పుడు మూడే ఆగుతాండాదని, ఆడ ఒక బాలింత బిడ్డనెత్తుకోని ఉరికినా రైలందక నిలబడిపాయనని. ఆడ తగ్గిందీ మాకిచ్చిందీ ఒకటేనో కాదో నాకు తెల్దు. ఆయప్ప ట్రాలీ ఎక్కతాంటే దగ్గరికి పొయ్యి అడిగితి. ఆయప్ప నన్ను చూసె, ఏదో చెప్పబోయె, అంతలోకే ట్రాలీ కదిలె. మళ్లా కనపడలేదు. నువ్వు సదువుకున్నోడివి, నువ్వైనా చెప్పు నాయనా.

మాకిచ్చిన ఆ రెండు నిమిషాలు ఎవరి దగ్గర తీసుకోనొచ్చినారు?