ఐదో స్థానం అని చదివింది నేనే

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున, పిల్లల్ని బడి బస్సు ఎక్కించి వచ్చి వంకాయలు కోసుకుంటున్నాను. తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. అవతల ఏదో స్కూలు ఆఫీసు నుంచి ఒకమ్మాయి హిందీలో, "మా లెక్కల టీచర్ గారి చెల్లెలు మీరే కదా మేడమ్?" అంది.

నాకు అక్కలు లేరు. కాదని చెప్పబోతుంటే ఆ అమ్మాయి ఒక్క ఊపిరిలో చెప్పేసింది. బడిలో ప్రార్థన అయ్యాక పిల్లలతో పాటు పైకి వెళుతూ మా ఎదురింటి టీచరమ్మ మెట్ల మీద కూర్చుండిపోయారట. ఆస్పత్రికి చేర్చేసరికే ప్రాణం పోయిందట. ఏదైనా జరిగితే ఎవరికి తెలపాలన్న చోట నా నంబరు ఉందట. సంబంధం అన్న గడిలో చెల్లెలు అని రాసి ఉందట.

ఆస్పత్రికి టాక్సీలో వెళుతున్నంతసేపూ ఆ మాటే తిరిగింది. ఆవిడ పోయిన దుఃఖం ఎలాగూ ఉంది. దానికంటే ముందు సిగ్గేసింది. చెల్లెలు అనిపించుకునే పని నేను ఒక్కటీ చేయలేదు. చేయవలసిన ఒక్క పనిని మూడేళ్లు చేయకుండా దాటవేశాను. అదేమిటో ఇక్కడ రాస్తున్నాను.

అబూదబీలో మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో మాదీ, ఆవిడదీ ఎదురెదురు ఫ్లాట్లు. ఆవిడది కోనసీమ, మాది కరీంనగర్. భర్త ఎప్పుడో పోయారు. ఒక్కతే కూతురు, స్కాట్లండులో నర్సు. మేము ఆ బిల్డింగుకు వచ్చిన మొదటి వారమే ఆవిడ తలుపు కొట్టి, పెయింటు బకెట్టులో పెంచిన కరివేపాకు రెండు రెబ్బలు ఇచ్చి, "ఇక్కడ కొట్లో దొరికేదానికి వాసనుండదమ్మా. కావాలంటే మా బాల్కనీలోకొచ్చి కోసుకో" అన్నారు. అప్పటి నుంచి ఆ మొక్కను సగం ఖాళీ చేసింది నా తాలింపులే.

సాయంత్రాలు మా ఇద్దరు ఆడపిల్లలకు లెక్కలు చెప్పేవారు. పిల్ల తప్పు చెబుతోందని మొదటి వాక్యంలోనే తెలిసిపోయేది. అయినా ఆపేవారు కాదు. పక్కన కూర్చున్న నేను నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టేవారు. "చెప్పనీ. ఎక్కడ దారి తప్పిందో దానికే తెలుస్తాది." నిజంగానే కాసేపటికి పిల్ల నాలిక కరుచుకునేది.

నన్ను వకీలమ్మా అని పిలిచేవారు. పెళ్లి తర్వాత కూడా కరీంనగర్ కోర్టులో మూడేళ్లు ప్రాక్టీసు చేశాను. ఒకసారి మా వార్డు మహిళలకు రిజర్వయితే కౌన్సిలరుగా నలుగురూ నా పేరు అనుకున్నారు. నామినేషన్ వేయకముందే మా ఆయనకు ఇక్కడ ఉద్యోగం వచ్చింది. వచ్చేశాం. ఆ సంగతి ఇక్కడ ఆవిడ ఒక్కరికే చెప్పాను. ఎందుకు వదిలేశావని ఆవిడ అడగలేదు. "గెలిచుంటే ఏం చేద్దామనుకున్నావమ్మా ఆ వార్డులో?" అని అడిగారు. మా వీధి మురికికాలువ గురించి అరగంట చెప్పాను. అంతసేపూ విన్నారు. అంతకు ముందు గానీ తర్వాత గానీ నన్ను ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు.

2022 లో వాళ్లమ్మాయి తానుండే ఊళ్లో కౌన్సిల్ ఎన్నికల్లో నిలబడింది. ఏ పార్టీ లేదు, స్వతంత్రంగా. చిన్న సముద్రపు ఊరు. ఆస్పత్రికి వెళ్లే బస్సు ఎత్తేశారట, దాని కోసం సంతకాలు సేకరించి, ఆ ఊపులో నిలబడింది. టీచరమ్మకు అది ఇష్టం లేదు.

"చూశావా వకీలమ్మా, ఎలచ్చన్లో నిలబడతాదంట. హాయిగా నర్సుద్యోగం చేసుకోక దీనికెందుకే అంటే వినదు. రంగు తక్కువోళ్లమని రాళ్లేస్తే ఎవరు కాస్తారు?"

"ఏం కాదు టీచరమ్మా. అక్కడ అట్లుండదు" అన్నాను. పైకి అన్నాను. లోపల నాకు ఆ పిల్ల మీద అసూయగా ఉండేది. ఆమెదీ నాదీ ఒకే ఈడు.

ఓట్లు లెక్కపెట్టే రోజు శుక్రవారం. రంజాన్ పండగ సెలవులు ఇంకా నడుస్తున్నాయి. టీచరమ్మకు కంటి ఆపరేషన్ అయి వారమే, ఫోన్ చూడవద్దన్నారు. సాయంత్రం నాలుగింటికి వచ్చి, "కాస్త ఫలితం వచ్చిందేమో చూసి పెట్టమ్మా. అది ఫోనెత్తట్లేదు, హాల్లో ఉందేమో" అన్నారు. మా ఇంటికి ఐదింటికి మా ఆయన ఆఫీసువాళ్లు కుటుంబాలతో వస్తున్నారు. గారెల పిండి రుబ్బి, నూనె ఇంకా పెట్టలేదు. చేతులు తుడుచుకుంటూ వాళ్లింటికి వెళ్లి, ఆవిడ ఫోన్లోనే ఆ కౌన్సిల్ వాళ్ల పేజీ తెరిచాను.

ఒక పట్టిక కనిపించింది. ఎనిమిది పేర్లు. నాలుగు సీట్లు. పేర్ల పక్కన 'మొదటి ప్రాధాన్యం' అని ఇంగ్లీషులో ఉంది, కింద అంకెలు. వాళ్లమ్మాయిది ఐదో స్థానం. ఆ పట్టిక కుడివైపుకు ఇంకా చాలా దూరం ఉంది, వేలితో జరిపితే వచ్చేది. నేను జరపలేదు. కోర్టులో కాగితం ఆఖరి పేజీ దాకా చదవందే సంతకం పెట్టనిచ్చేదాన్ని కాదు. ఆ రోజు ఒక్క గడి చూసి, "లేదు టీచరమ్మా. ఐదో స్థానం. ఖలాస్" అన్నాను.

దాచకుండా చెప్పాలంటే, ఆ మాట అంటున్నప్పుడు నా లోపల ఎక్కడో చిన్న ఊరట కలిగింది. తొందరలో చదివానన్నది నిజమే. ఆ ఊరట కూడా నిజమే.

ఆవిడ అక్కడే కూతురికి మళ్లీ ఫోన్ చేశారు. ఎత్తలేదు. వాయిస్ మెసేజ్ నొక్కి పెట్టమన్నారు. నేనే నొక్కి పట్టుకున్నాను. ఆవిడ ఊపిరి తీసుకుని, నన్ను, "ఐదో స్థానమేనా?" అని మళ్లీ అడిగారు. "ఐదోది. ఖలాస్" అన్నాను మళ్లీ. అప్పుడు ఆవిడ ఫోను దగ్గరకు వంగారు.

"అమ్మడూ, ముందే చెప్పాను కదే. మనకి ఎవరేస్తారే ఓటు? నీ పేరు పలకడమే రాదు వాళ్లకి. ఇంక ఆ పిచ్చి కట్టిపెట్టి ఉద్యోగం చూసుకో."

కోపంగా అనలేదు. బిడ్డ దెబ్బ తిన్నదని బెంగపడి అన్నారు. కానీ మెసేజ్‌లో మాటలే వెళతాయి. నేను నూనె పెట్టుకోవడానికి ఇంటికి పరుగెత్తాను.

ఆరింటికి తలుపు చప్పుడైంది. ఇంటి నిండా ఆఫీసువాళ్లు, పిల్లలు. టీచరమ్మ గుమ్మం బయటే నిలబడి ఉన్నారు. ఆపరేషన్ కన్ను ఎర్రగా ఉంది. "గెలిచిందంటమ్మా" అన్నారు. సంతోషించవలసిన మాట చెబుతూ ఆవిడ ముఖం పాలిపోయి ఉంది. "వేదిక దిగొచ్చి ఫోను చూసుకుందంట. మొట్టమొదట నా మెసేజే విందంట."

నా వెనక మా ఆయన, "ఏంది టీచరమ్మా, ఏం విశేషం?" అంటూ వచ్చాడు. ఆవిడ నా వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుని, "మా అమ్మాయి గెలిచిందండి, ఆయ్. నేనే తప్పు చూసుకుని దాన్ని కంగారుపెట్టేశాను" అన్నారు. లోపలి నుంచి అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరో ఆవిడ చేతిలో గారెల ప్లేటు పెట్టారు. నేను నోరు విప్పలేదు.

మర్నాడు ఆవిడే నన్ను పిలిచి కూర్చోబెట్టారు. స్కూల్లో పండక్కి ఇచ్చిన ఖర్జూరాల డబ్బా ముందు పెట్టుకుని, కాఫీ కప్పులు వరసగా పేర్చి, ఒక్కో పేరుకు ఒక్కో కప్పు చొప్పున ఓట్లకు బదులు ఖర్జూరాలు వేశారు. కూతురు అంకెలన్నీ పంపిందట, మా పెద్దమ్మాయి చేత పెద్ద అక్షరాలతో రాయించుకున్నారు. అక్కడ వార్డుకు నలుగురు సభ్యులు. ఓటరు తనకు నచ్చిన వరసలో పేర్ల పక్కన ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేస్తాడు. పోలైన ఓట్లలో ఐదో వంతు కంటే ఒక్క ఓటు ఎక్కువ తెచ్చుకుంటే గెలిచినట్టే. ఎవరూ ఆ గీత దాటకపోతే అందరికంటే వెనకబడ్డవాళ్లను తీసేసి, వాళ్ల కాగితాల మీద రెండో అంకె ఎవరికుంటే వాళ్లకు ఆ ఓటు కలుపుతారు. ఆవిడ చివరి కప్పులోని ఖర్జూరాలు తీసి మిగతా కప్పుల్లో పంచారు. తర్వాత ఇంకో కప్పు ఖాళీ చేశారు. ప్రతిసారీ ఎక్కువ ఖర్జూరాలు ఒకే కప్పులో పడుతున్నాయి.

"చూడమ్మా. ఎవరెవరికో ఓటేసినోళ్లు కూడా రెండో పేరు దీనిదే రాశారు. ఊళ్లో ఇంతమందికి ఇది గుర్తుంది." ఆవిడ కప్పును రెండు చేతులతో పట్టుకున్నారు. "నేనేమో ఎవరేస్తారే అన్నాను."

"నేనే సరిగ చూడలే టీచరమ్మా" అన్నాను మెల్లగా.

"నువ్వు పనిలో ఉన్నావు. పట్టిక అంటే ఇంకో గడి ఉంటాదేమో అని అడగాల్సింది లెక్కల టీచర్ని, నేను."

తప్పు చదివింది నేనని అమ్మాయికి నేనే ఫోన్ చేసి చెబుతానని అనాలనుకున్నాను. ఆ ఒక్క మాట నా నాలిక చివర దాకా వచ్చింది. అనలేదు. కౌన్సిలరు అయిన మనిషికి, నేను ఉండవలసిన చోట ఉన్న మనిషికి ఫోన్ చేసి నా తెలివితక్కువతనం ఒప్పుకోవడానికి మనసు రాలేదు. తర్వాత చెప్పవచ్చులే అనుకున్నాను. ఆవిడ నన్ను అడగలేదు. ఒక్కసారి అడిగి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. అదీ నా స్వార్థమే.

కూతురు పోట్లాడలేదు. ప్రతి ఆదివారం ఫోన్ చేసేది. ఇదివరకు ముసఫ్ఫా చర్చిలో ప్రార్థన అయి వచ్చాక గంట మాట్లాడుకునేవాళ్లు. అది నాలుగైదు నిమిషాలయింది. తర్వాతి ఎండాకాలం సెలవుల్లో టీచరమ్మ స్కాట్లండు వెళ్లి నెల రోజులుండి వచ్చారు. "ఎట్ల చూసుకున్నది?" అని అడిగితే, బిస్కెట్ల డబ్బా నా చేతిలో పెడుతూ, "బాగా చూసుకుందమ్మా. చుట్టాన్ని చూసుకున్నట్టు చూసుకుంది" అన్నారు.

ఆ ఏడు నుంచి తన క్లాసు లీడరు ఎన్నిక కూడా ఆవిడ ఆ పద్ధతిలోనే పెట్టారు. పిల్లలు ఒకటి, రెండు, మూడు వేసేవాళ్లు. ఓడిన పిల్లను పిలిచి, ఎంతమంది తనను రెండో పేరుగా రాశారో విడిగా చూపించేవారట. ఆస్పత్రి దగ్గరకు వచ్చిన ఒక పిల్ల ఏడుస్తూ ఈ మాట చెప్పింది.

వాళ్లమ్మాయి మర్నాటికి వచ్చింది. ఫోటోల్లో కంటే సన్నగా, అలసటగా ఉంది. శవాన్ని కోనసీమ తీసుకువెళ్లడానికి కాగితాలకు మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ మా ఇంట్లోనే తిన్నది. రెండో రోజు వాళ్లింట్లో పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతూ చెప్పేశాను. ఆ శుక్రవారం, గారెల పిండి, జరపని పట్టిక. నాకు కలిగిన ఊరట కూడా చెప్పాను.

ఆమె చేతిలోని పుస్తకం పెట్టెలో పెట్టింది. తర్వాత ఫోన్ తీసి పాత మెసేజ్ ఒకటి వెతికి నొక్కింది. ముందు టీచరమ్మ ఊపిరి, తర్వాత "ఐదో స్థానమేనా?", వెంటనే కొంచెం దూరంగా నా గొంతు, "ఐదోది. ఖలాస్." ఆమె అక్కడే ఆపేసింది.

"ఈ గొంతెవరిదా అని మూడేళ్లుగా అనుకుంటున్నానండి. అమ్మనడిగితే టీవీ అంది."

నేను చేతిలో ఉన్న పుస్తకాలు కింద పెట్టాను.

"మీరు తప్పు చదివారు సరే. ఆ మాటలు మాత్రం అమ్మవే" అంది. "కానీ అక్కా, అప్పుడే చెప్పుంటే సగం కోపం పోయేది. ఆ సగం పోయుంటే మిగతా సగం గురించి మేమిద్దరం కూర్చుని పోట్లాడుకునేవాళ్లం. అమ్మతో ఒక్కసారి కూడా గట్టిగా పోట్లాడలేదు నేను. పోయిన క్రిస్మస్‌కి రమ్మంటే మీటింగులున్నాయన్నాను."

"నన్ను క్షమించు తల్లీ" అన్నాను.

"ఇప్పుడేం చెప్పమంటారు?" అంది. లేచి మా ఇద్దరికీ టీ పెట్టుకొచ్చింది.

మూడో రోజు మధ్యాహ్నం పెట్టెలు కిందికి దింపాం. కార్గో వ్యాను ఇంకా రాలేదు. పార్కింగులో ఎండ మండిపోతోంది. ఆమె ఫోన్ మోగింది. ఎత్తాలా వద్దా అనుకుంటూనే ఎత్తింది. అవతల వాళ్ల వార్డు ముసలావిడ ఎవరో, గట్టిగా మాట్లాడుతోంది, నాకు మాట తెలియలేదు. ఈమె తన తల్లి పోయిందని చెప్పలేదు. మధ్యలో అడ్డుపడలేదు. చివరిదాకా విని, ఏ వీధి, ఏ మలుపు అని నెమ్మదిగా అడిగింది. నా వైపు తిరిగి రాస్తున్నట్టు వేళ్లు ఆడించింది. సంచిలోంచి మార్కరు తీసి ఇచ్చాను. కాగితం లేదు. వంగి, టీచరమ్మ పుస్తకాల పెట్టె మూత మీదే ఒక వీధి పేరు, ఒక అంకె రాసి, కింద గీత గీసింది.

"వీధిదీపం. వారం నుంచి వెలగట్లేదంట. ఆవిడకి మెట్లు కనబడట్లేదు" అంది ఫోన్ పెట్టేసి.

వ్యాను వచ్చింది. ఆమె ఆ మూతను ఫోటో తీసుకుంది. పెట్టె ఎక్కింది. కోనసీమలో చర్చి వెనకున్న వాళ్లింటికి ఆ లెక్కల పుస్తకాలు అలాగే వెళ్లాయి, పైన నల్లని మార్కరుతో రాసిన, స్కాట్లండులో వెలగని దీపం నంబరుతో.