పంక్ పాటలు, మల్లయ్య కాక మంచం

2023 ఫిబ్రవరి. గోదావరిఖని బజారులో నేను మైకుసెట్టు షాపు పెట్టి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. పెళ్లి బరాతులు, బతుకమ్మ ఆటలు, దర్గా ఉర్సులు, యూనియన్ మీటింగులు... ఈ బొగ్గు బెల్టులో సప్పుడు కావలసిన ప్రతివాడూ ఏదో ఒక రోజు నా గడప తొక్కినవాడే. మా నాన్నది స్టీలు సామాన్ల కొట్టు. చెంచా కోసం వచ్చినవాళ్లకు బిందె అంటగట్టి పంపేవాడు. నాకు అబ్బిన విద్య కూడా అదే. వస్తువు మారింది, బుద్ధి మారలేదు.

ఒక మధ్యాహ్నం అస్మా వచ్చింది. బస్టాండు వెనక లారీ ఇంజన్లు బాగుచేసే మెకానిక్ కూతురు. ప్రైవేటు బడిలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. బొగ్గు కంపెనీ కాలనీ గ్రౌండులో పంక్ సంగీతోత్సవం పెడుతున్నామని, ఐదు బృందాలు వస్తున్నాయని, కొత్తగూడెం నుంచి కూడా ఒకటి వస్తుందని చెప్పింది.

"పంక్ అంటే ఏంది బిడ్డా? డీజే లెక్కనా?"

"కాదు సేట్. మా దాంట్ల పాడొస్తదా అని ఎవ్వరు అడగరు. చెప్పేటిది ఉన్నదా అని అడుగుతరు."

"ఎక్కడ నేర్చుకున్నరు?"

"మా అబ్బాజాన్ షెడ్డుల. ఏడాది సంది. ఇంజన్ల సప్పుడుల మా సప్పుడు ఎవ్వలికీ తెల్వలే."

తమకు చిన్న సెట్టు చాలని ఆమె మొదటే చెప్పింది. అక్కడే ఊరుకుంటే నేను మా నాన్న కొడుకునే కాదు. "చిన్నది పెడితే భజన అయితది బిడ్డా" అన్నాను. పంక్ అంటే ఏమిటో తెలిసి పది నిమిషాలు కూడా కాలేదు, అప్పుడే పంక్ ఎట్లా ఉండాలో చెబుతున్నాను! చివరికి రెండు పెద్ద బాక్సులకు తోడు నాలుగు సబ్‌లు అంటగట్టాను. సబ్ అంటే లోతు శబ్దాన్ని మాత్రమే వదిలే బరువైన స్పీకరు. డోలు దెబ్బ చెవికి కాక గుండెకు తగిలిందంటే అది సబ్ చేసిన పని.

వేళ కూడా ఆ పూటే ఖాయం చేసుకున్నాం. "పగలే పెట్టుకుందాం సేట్. ఎవ్వరి నిద్ర ఖరాబు కావద్దు" అంది అస్మా. భేష్ అన్నాను. గనుల పక్కన పుట్టి పెరిగిన ఇద్దరం కూర్చుని అనుకున్న మాట ఇది. ఇద్దరివీ బజారు ఇండ్లు. కంపెనీ క్వార్టర్లలో పగలు ఎవరు పడుకుంటారో మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ శనివారం పొద్దున పది గంటలకు సౌండ్ చెక్ మొదలుపెట్టాం. అంటే జనం రాకముందే ఒక్కో మైకు, ఒక్కో వాద్యం విడిగా మోగించి సరిచూసుకోవడం. డ్రమ్ము మీద పది దెబ్బలు పడ్డాయో లేదో, గ్రౌండు ఎదురుగా ఉన్న క్వార్టర్ తలుపు తెరుచుకుంది. లుంగీ, బనీను, చంకలో దిండు, చెవుల్లో కంపెనీ వాళ్లిచ్చిన ఇయర్ ప్లగ్గులు. మల్లయ్య కాక. ఓపెన్‌కాస్టు గనిలో మట్టి, బొగ్గు మోసే డంపర్ నడుపుతాడు. ఆయన కూతురి పెళ్లికి సెట్టు పెట్టింది నేనే.

"ఏంది సేటూ గీ లొల్లి? నైట్ షిఫ్ట్ దిగొచ్చి గిప్పుడే ఒరిగిన."

"చెవులల్ల బిరడాలు ఉన్నయి గదా కాకా" అన్నాను, పళ్లికిలిస్తూ.

"చెవులు మూసుకున్న. మంచం ఎట్ల మూసుకోను? పండుకుంటే నడుముల కొడుతున్నది!"

ఆయన మంచాన్ని ఊపుతున్నవి నేను అంటగట్టిన నాలుగు సబ్‌లు.

క్వార్టర్ల నుంచి ఒక్క ఫిర్యాదు వచ్చినా కార్యక్రమం ఆపేయాలన్న షరతు మీదే కంపెనీ గ్రౌండు ఇచ్చింది. ఆ సంగతి కాకకూ తెలుసు. ఏడాది పాటు షెడ్డులో సాధన చేసిన పిల్లల పాట ఆయన సంతకం దూరంలో ఉంది. నేను వెంటనే బేరంలోకి దిగాను.

"కాకా, సగం సప్పుడు తగ్గిస్త. రెండు గంటలు ఓర్చుకో."

"నిద్రకు బేరం లేదు సేటూ. రాత్రి మల్ల డంపర్ ఎక్కాలె. కునుకు పడితే నేనొక్కన్నే పోను, ఎదురొచ్చే బండోడు గూడ పోతడు."

అప్పుడు అస్మా స్టేజీ దిగి వచ్చింది. తప్పు మీది, మాది అనలేదు.

"కాకా, మీరు ఎప్పుడు లేస్తరు?"

"నాలుగింటికి."

"అయితే మేము నాలుగింటికే షురూ చేస్తం. గీ క్వార్టర్ల లైన్ల నైట్ షిఫ్టోళ్లు ఇంకెంతమంది ఉన్నరో చెప్పుండ్రి."

కాక దిండు ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకుని, వేలితో ఒక్కో తలుపూ చూపించాడు. ఏడు ఇండ్లు. అస్మా చెప్పులు విడిచి ఏడు గడపలూ ఎక్కి, నిద్రపోతున్నవాళ్లను లేపకుండా, ఇంటి ఆడవాళ్లతో మాట్లాడి వచ్చింది. ఏడిళ్లలోనూ ఒకటే జవాబు: నాలుగు. ఈలోపు నేను నా సబ్‌లు నాలుగూ ఊడదీసి, తెచ్చిన బండిలోనే ఎక్కించాను. నా సరుకును నా చేతులతోనే వెనక్కి మోసుకోవడం నా వృత్తిలో అదే మొదలు. మిగిలిన రెండు బాక్సులతో పాటు స్టేజీని కూడా ఓబీ గుట్ట వైపు తిప్పాను. ఓబీ అంటే బొగ్గు కోసం తవ్వి పోసిన మట్టి. దాని మీద ఇప్పుడు చెట్లు పెరిగి నిజం గుట్ట లాగే ఉంది. పెద్ద బాక్సు శబ్దం మొహం పెట్టిన దిక్కుకే ఎక్కువ పోతుంది. సబ్ శబ్దానికి దిక్కూ దిశా ఉండదు, అన్ని వైపులా పాకుతుంది, గోడలు దాటుతుంది. ఈ సంగతి నాకు ఇరవై ఏళ్లుగా తెలుసు. తెలిసే అంటగట్టాను.

ఏడు గంటలసేపు అనుకున్న కార్యక్రమాన్ని నాలుగు గంటలకు కుదించాల్సి వచ్చింది. ఫస్ట్ షిఫ్ట్ వాళ్లు తెల్లవారకముందే లేవాలి కనుక ఎనిమిదింటికి ముగించాలి. ఒక్క బృందం కూడా గొణగలేదు. అందరూ తలా రెండు మూడు పాటలు వదులుకున్నారు. కొత్తగూడెం పిల్లలు బస్సు అందుకోవాలని ముందు వాళ్లకే వంతు ఇచ్చారు.

నాలుగింటికి మొదలైంది. చెబితే నమ్మరు, ముఖ్య అతిథి లేడు! శాలువా లేదు, జ్యోతి వెలిగించడం లేదు, "రెండు ముక్కలు మాట్లాడతాను" అని గంటసేపు మైకు వదలని పెద్దమనిషి లేడు. ఐదు బృందాలకూ ఒకటే డ్రమ్ము సెట్టు. ఒకరు దిగుతుంటే ఇంకొకరు ఎక్కుతున్నారు. పాడినవాళ్లే వచ్చి వైర్లు చుట్టి, తరువాతి వాళ్లకు మైకు ఎత్తు సరిచేసి ఇస్తున్నారు. అంత శుభ్రంగా స్టేజీ మారడం పెద్ద పెద్ద సభల్లో కూడా నేను చూడలేదు.

మూడో బృందం పాడుతుండగా నేను ఒక ఘనకార్యం చేశాను. స్టేజీ ముందు ఇరవై ముప్పై మంది భుజాలతో ఒకరినొకరు గుద్దుకోవడం మొదలుపెట్టారు. బరాతులో కొట్లాట లేస్తే ముందు పాట ఆపాలి, తరువాతే కారణం అడగాలి. అది మా వృత్తి సూత్రం. మైకులన్నిటినీ కలిపి నడిపే మిక్సర్‌ను టక్కున కట్టేశాను. గ్రౌండంతా నా వైపు తిరిగింది.

"సేట్! అది లొల్లి గాదు, డాన్సు!" అని స్టేజీ పక్కనుంచి అస్మా అరిచింది.

"పెళ్లిల గూడ గిట్లనే, మా వియ్యంకుడు ఎగురుతుంటే ఆపిండు" అని వెనకనుంచి ఎవరో అన్నారు. తిరిగి చూస్తే మల్లయ్య కాక. తల దువ్వుకుని, చేతిలో చాయ్ గ్లాసుతో.

మిక్సర్ మళ్లీ ఆన్ చేశాక జాగ్రత్తగా చూశాను. అంత గుద్దులాటలో ఒకడు కింద పడితే చుట్టూ ఉన్నవాళ్లు చటుక్కున ఆగి, నాలుగు చేతులతో లేపి, చెప్పు ఊడితే వెతికి ఇచ్చి, మళ్లీ గుద్దుకుంటున్నారు. కాక కూడా అదే చూస్తున్నాడు. "బాయిల గూడ గంతే. పడ్డోన్ని లేపినంకనే పని" అన్నాడు. బాయి అంటే మా దగ్గర బొగ్గు గని.

చివర అస్మా పాడింది. బట్టలారేసే తీగ మీద, దాని మీద వాలే బొగ్గు ధూళి మీద ఒక పాట. "తెల్లంగి ఎందుకు తెచ్చినవే" అని ఆమె గొంతు చించుకుంటే, క్వార్టర్ల గడపల్లో కూర్చున్న ఆడవాళ్లు ముందు నవ్వారు, రెండోసారి వాళ్లూ అందుకున్నారు. పాటను ఇంటింటికీ చేర్చడం, నా బాక్సులు చేయలేని ఆ పని ఆ గడపలు చేశాయి.

సామాను సర్దుతుంటే అస్మా వచ్చి, "వంకలు చెప్పు సేట్" అంది. సరుకులో వంక వెతకడం మా ఇంటి కళ. అయినా ఆరోజు చాలా వెతకాల్సి వచ్చింది. సగం పాటల్లో మాటలు అర్థం కాలేదు కాబట్టి పాటలు కాగితం మీద అచ్చేసి పంచమన్నాను. గడపల్లో ఉన్నవాళ్ల కోసం స్టేజీ పక్కన నాలుగు వరసల కుర్చీలు, తాగునీళ్లు పెట్టమన్నాను. "డాన్సు చేసేటోళ్లకు, చూసేటోళ్లకు నడుమ తాడు కట్టుండ్రి. తారీఖు పెట్టేముందు షిఫ్టుల లిస్టు చూసుకోండ్రి" అన్నాను.

"ఇంకో వంక ఉన్నది, చెప్తలేవు" అంది.

"ఏంది?"

"సబ్‌లు."

నేను ఇంకో వైరు అందుకుని చుట్టడం మొదలుపెట్టాను.

మరుసటి రోజు ఏడు కాకముందే షాపు తెరిచాను. నైట్ షిఫ్ట్ దిగినవాళ్లు మా బజారు మీదుగానే పోతారు. ఒక్కో స్కూటరు పోతుంటే లెక్కపెడుతూ కూర్చున్నాను. చాలాసేపటికి మల్లయ్య కాక బండి వచ్చి ఆగింది.

"ఏంది సేటూ, గింత జల్ది తెరిచినవ్?"

"ఊర్కనే కాకా. సామాన్లు సర్దుకుందామని."

నన్ను ఎగాదిగా చూసి నవ్వాడు. "బతికే ఉన్న తియ్. నాలుగింటి దాంక మంచం కదల్లే" అని బండి తీశాడు.

సప్పుడు ఎంత కావాలో చెప్పడం సులువు. అది ఎవరి మంచం దాకా పోతుందో తెలియడమే ఈ వృత్తి. ఇరవై ఏళ్లు నేను మొదటి సగం మాత్రమే నేర్చుకుని సేటునని అనిపించుకున్నాను. ఇప్పుడు షాపుకు ఎవరు వచ్చినా, పెళ్లి అయినా మీటింగు అయినా, ఎన్ని బాక్సులని ముందు అడగను. "మీ లైన్ల నైట్ షిఫ్ట్ ఎవలకున్నది?" అని అడుగుతాను. కొందరు వింతగా చూస్తారు. క్వార్టర్లవాళ్లు మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుని, వేళ్లు మడుస్తూ ఇండ్లు చెప్పడం మొదలుపెడతారు.