మక్తల్ బస్సులో అమెరికా రాగం

మక్తల్ బస్సులో నా పక్కన ఒక టీచరమ్మ గిటారుతో కూర్చుంది. గిటారుకే ఎక్కువ చోటు దొరికింది. అమెరికా జానపద గాయకులను వినీ వినీ తనూ పాటలు కడుతోందట. వాళ్లు పాత రాగాలకు కొత్త మాటలు కట్టేవాళ్లట. ఈమె వాళ్ల రాగానికి పాలమూరు వలసల కథ కట్టింది.

"ఇయ్యాల మా ఊర్ల పాడాలె సార్. మనోళ్లు అందుకోకుంటే పాట సచ్చినట్టే."

మెల్లగా పాడి చూసుకుంది. వరుస ఆగగానే ముందు సీటు అవ్వ, వెనక్కి తిరగకుండానే, "ఉయ్యాలో" అంది. మాది గుంటూరు, బతుకమ్మ పాటల్లో ప్రతి వరుసకూ అలా అందుకుంటారని అప్పుడే తెలిసింది. కాసేపటికి సగం బస్సు అందుకుంది.

అంతలో అవ్వ, పాటలో వలసపోయిన ఊరు "బొంబాయి" తీసేసి "పూనా" అని పాడింది. "మా ముసలోడు పోయింది పూనాకు గద బిడ్డా."

టీచరమ్మ నవ్వింది. "ఇగ గిది నా పాట గాదు సార్."

ఆస్తి చేజారినందుకు అంత సంబరపడిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.