తమ్ముడి కాటా

నేను వికారాబాద్‌లో ఒక ఆఫీసులో సీనియర్ అసిస్టెంటును. దరఖాస్తులకు జత చేసిన సర్టిఫికెట్లు అసలువా, నకిలీవా అని చూడటం నా పని. పద్నాలుగేళ్లుగా పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా అనుమానిస్తూనే ఉన్నాను. ముద్ర కొంచెం వంకరగా ఉన్నా, సంతకం మరీ అందంగా ఉన్నా నా చేయి దానంతటదే ఆగిపోతుంది. ఇంటికొచ్చినా ఆ చూపు పోదు. పాలాయన నీళ్లు కలిపాడనో, కూరగాయలామె తక్కువ తూచిందనో రోజుకొక ఫిర్యాదైనా మా ఆయనకు వినిపించాల్సిందే. ఆయన ప్రైవేటు స్కూల్లో లెక్కల సారు. "నువ్వు పోలీసులల్ల ఉండాల్సినదానివి" అంటుంటాడు. నాకది మెచ్చుకోలుగానే వినిపిస్తుంది.

నాకు ఒక్కడే తమ్ముడు. తాండూరులో ఒక కందుల వ్యాపారి దుకాణంలో తూకం వేసే పని చేస్తాడు. రెండేళ్ల కింద వాడి కిడ్నీలు రెండూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్. అక్కడ మిషన్ ఎక్కించే ముందు ఒకసారి, దించాక ఒకసారి వాడిని తూస్తారు. ఒంట్లో ఎంత నీరు చేరింది, ఎంత తీశారు అన్నది ఆ బరువును బట్టే తెలుస్తుంది. "అందరి కందులు నేను జోకితి, ఇప్పుడు వారానికి నాలుగుసార్లు నన్ను జోకుతున్నరక్కా" అని వాడే నవ్వుతూ చెప్పాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

పరీక్షలు చేస్తే నా కిడ్నీ వాడికి సరిపోతుందని తేలింది. ఇచ్చేస్తానన్నాను. అయితే హైదరాబాద్ డాక్టరు నన్ను కాటా ఎక్కించి తల అడ్డంగా ఊపాడు. ఎనభై నాలుగు కిలోలు. ఈ ఒంటితో ఆపరేషన్ చేస్తే నాకే ప్రమాదమట, డెబ్బై రెండుకు దిగి వస్తేనే ముట్టుకుంటానన్నాడు. పన్నెండు కిలోలు. అవి దిగేదాకా నా తమ్ముడు మిషన్ మీదే బతకాలి. ఎన్నాళ్లు బతకగలడో డాక్టరు చెప్పలేదు, నేనూ అడగలేదు.

వానాకాలం మొదట్లో నడక మొదలుపెట్టాను. పొద్దున ఐదున్నరకు లేచి అనంతగిరి రోడ్డు మీద పోను రెండున్నర, రాను రెండున్నర కిలోమీటర్లు. ఇంటికొచ్చి చాప మీద అరగంట కసరత్తు. అన్నం మానేశాను. రెండు పూటలా జొన్నరొట్టె, ఆకుకూర. ఆదివారం ప్యాసింజరెక్కి తాండూరు పోయి తమ్ముడి కాటా మీద బరువు చూసుకునేదాన్ని. దుకాణానికి ఆరోజు సెలవు, తాళం వాడి దగ్గరే ఉంటుంది. సగం షట్టరు లేపి, బస్తాలు తూచే ఆ పెద్ద కాటా మీద నన్ను నిలబెట్టేవాడు. మొదటి ఆదివారం అది ఎనభై నాలుగు చూపించింది. ఆసుపత్రి కాటా, ఇదీ అణా పైసలతో సహా కలిశాయి. పైగా దీనికి ఏటేటా తూనికల ఆఫీసు ముద్ర పడుతుంది. నేను ఆ ముద్రను ముందే వంగి చూసుకున్నాను. వంకర లేదు.

మూడు నెలల్లో ఎనభైకి దిగాను. అంకె చూసినప్పుడల్లా తమ్ముడు "మస్తు తగ్గుతున్నవక్కా" అనేవాడు. ఆ తర్వాత, దసరా దాటినప్పటి నుంచి, బరువు ఆగిపోయింది. ఒక వారం ఎనభై. ఇంకో వారం ఎనభైన్నర. తర్వాత ఎనభై ఒకటి. నడక ఏడు కిలోమీటర్లకు పెంచాను, రాత్రి రొట్టె ఒకటికి తగ్గించాను. కాటా మాత్రం పైకే పోతోంది.

"గిదేందిరా" అన్నాను తమ్ముడితో.

"ఒంటికి నీరు వచ్చిందేమో అక్కా. ఫికర్ వెట్టుకోకు" అన్నాడు వాడు, అంకెల డబ్బా వైపు చూస్తూ.

ఫికర్ పెట్టుకోకుండా ఉండటం నా వల్ల అయ్యే పని కాదు. ముందు ఫోన్‌ను అనుమానించాను. అడుగులు లెక్కపెడుతుంది కదా, దాన్ని చేతిలో పట్టుకుని రొట్టె కొడితే నూట ఇరవై అడుగులు నడిచినట్టు చూపింది. అబద్ధాలకోరు అని తేలిపోయింది. తర్వాత పిండిమర మీద పడ్డాను. జొన్నల్లో గోధుమలు కలుపుతున్నాడేమోనని ఒకరోజు మర దగ్గరే నిలబడి నా జొన్నలు నా కళ్ల ముందే ఆడించుకున్నాను. మరాయన నన్ను ఎగాదిగా చూశాడు.

చివరికి నా అనుమానం వచ్చి మా ఆయన దగ్గర ఆగింది. దానికి కారణముంది. కిడ్నీ ఇస్తానన్న రోజున ఆయన వద్దనలేదు. "ఇంకొక్కసారి సోచాయించు. పిల్లలిద్దరు చిన్నోళ్లు" అని మాత్రం అన్నాడు. ఆ మాట నా మనసులో ముల్లులా ఉండిపోయింది. ఆయన బడి నుంచి నాకంటే ముందొస్తాడు కాబట్టి రాత్రి కూర ఆయనే వండుతాడు. కూరలో నూనె ఎక్కువ పోస్తున్నాడని నాకు గట్టిగా అనిపించింది. నేను తగ్గకపోతే ఆయనకే కదా నిమ్మళం.

ఒకరోజు నూనె సీసా మీద పెన్నుతో గీత గీశాను. రెండు రోజుల తర్వాత చూస్తే నా గీత కింద ఇంకో గీత, పక్కన తేదీ, ఎన్ని చెంచాలు వాడాడో అంకె. ఆయన చేతిరాతే. లెక్కల సారు కదా. ఆ రాత్రి మేము మాట్లాడుకోలేదు. కూర మాత్రం బాగుంది. అది కూడా నాకు అనుమానంగానే తోచింది.

మరునాడు ఆయన బరువు చూసుకునే చిన్న మిషన్ ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. ఎక్కితే డెబ్బై ఏడు చూపింది. తమ్ముడి కాటా ఆ ముందు ఆదివారమే ఎనభై ఒకటిన్నర చెప్పింది.

"సూడు, తగ్గినవ్" అన్నాడాయన.

"దీన్ని ఎట్ల తిప్పిన్రు?" అన్నాను.

ఆయన మొహం వాడిపోయింది. "నీ జాకెట్లన్ని వదులైనయి. అద్దంల సూసుకో" అన్నాడు.

"ఉతికి ఉతికి గుడ్డ సాగింది."

మెడికల్ షాపు ముందున్న మిషన్ కూడా ఎక్కాను. డెబ్బై ఆరు. రెండు మిషన్లు రెండు మాటలు చెబితే రెండూ తప్పేనని తీర్మానించుకున్నాను. ముద్ర ఉన్నది తమ్ముడి కాటాకు ఒక్కదానికే. ఆఫీసులో కూడా అంతే కదా, ముద్ర లేని కాగితాన్ని నేను చదవను.

డిసెంబరులో ఒక ఆదివారం తమ్ముడి ఇంటి వెనక చేతులు కడుక్కుంటుంటే లోపల మరదలు వాళ్ల అమ్మతో ఫోన్‌లో మాట్లాడటం వినపడింది. "కిడ్నీ ఇయ్యాల్నని మనసుల లేదమ్మా ఆమెకు. బరువు పేరు చెప్తున్నది గంతే. ఆరునెలల సంది నడిస్తె తగ్గనోళ్లు ఉంటరా?" అంటోంది.

లోపలికి వెళ్లి దులిపేద్దామనుకున్నాను. కానీ ఆమె స్థానంలో నేనుంటే ఏమనుకునేదాన్ని? ఇంతకంటే ఎక్కువే అనుకునేదాన్ని. చేతులు తుడుచుకుని, వేడివేడిగా ఆమె పెట్టిన రొట్టె తిని, ఏమీ విననట్టే రైలెక్కాను. దారి పొడుగునా ఏడుపు ఆపుకున్నాను.

జనవరిలో కొత్త కందులు దిగాయి. దుకాణం నిండా బస్తాలు, కాటా చుట్టూ నడవడానికి జాగా లేదు. ఆ ఆదివారం కాటా ఎక్కి, ఎప్పటిలాగే మెడ తిప్పి అంకెలు చూశాను. డెబ్బై ఐదు.

పోయిన వారం ఎనభై రెండు. ఏడు రోజుల్లో ఏడు కిలోలు. సంతోషం రావాల్సిన చోట నాకు అనుమానం వచ్చింది. కిందికి చూశాను. పాదాలకు ఇనుము చల్లగా తగులుతోంది. కాటా మధ్యలో సొట్ట పడిందని, నిలబడటానికి సమంగా ఉంటుందని దసరా నుంచి తమ్ముడు దాని మీద పాలిష్ బండ ముక్క పరిచి, పైన గోనెసంచి కప్పేవాడు. నాపరాతి గనులున్న తాండూరులో బండ ముక్క లేని ఇల్లు, దుకాణం ఉండవు, అందుకే నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఆరోజు బండా లేదు, సంచీ లేదు. సొట్ట కూడా లేదు.

"బండ ఏదిరా?"

వాడు గోడ వైపు చూశాడు. నేనే దిగి వెతికాను. గోడ పక్కన సంచి కింద ఒకటి కాదు, రెండు ముక్కలున్నాయి, ఒకదాని మీద ఒకటి. రెండింటినీ ఒక్కొక్కటిగా మోసుకొచ్చి కాటా మీద పెట్టాను. ఆరు కిలోల తొమ్మిది వందలు.

"ఎప్పటి సంది?" అన్నాను. ఆఫీసులో దొంగ సర్టిఫికెట్ తెచ్చినవాణ్ని అడిగే గొంతే వచ్చింది నాకు.

"దసర సంది." వాడు కందుల బస్తా మీద కూర్చున్నాడు. "పిల్లలను తీస్కొని వచ్చినవు గదా పండుగకు. చిన్నది నీ ఒళ్లె పండుకున్నది. లేపితె ఏడ్శింది. గది సూసినంక నాకు మనసొప్పలేదక్కా. ఒద్దంటె నువ్వు ఇనవు. బరువు తగ్గకుంటె డాక్టరే ఒద్దంటడు, ఎవ్వరి మీద మాట రాదు అనుకున్న. మొదలు చిన్న ముక్క వెట్టిన. నువ్వు ఇంకా తగ్గుతుంటివి, పెద్దది మార్చిన, ఆఖరుకు రెండు వెట్టిన."

నాకు ఒళ్లు మండిపోయింది. మూడు నెలలు. నూనె సీసా మీద గీతలు, మరాయన చూపులు, ఫోన్‌లో మరదలి మాటలు, రైలులో నేను మింగిన ఏడుపు. అన్నీ కలిపి వాడి మీద పోసేశాను. వాడు తల వంచుకుని విన్నాడు. చేతుల మీద సూదులు గుచ్చిన చోట్ల ఉబ్బి, నల్లబడి ఉంది.

"మరి ఇయ్యాల ఎందుకు వెట్టలే?" అన్నాను చివరికి, అలిసిపోయి.

"వెడ్దామనే వచ్చిన." వాడు తన అరచేతుల వైపు చూసుకున్నాడు. "ఎత్తబోతె లేస్తలేదక్కా. క్వింటాలు బస్తాలు మోసినోణ్ని. నాలుగు కిలోల బండ లేస్తలేదు. రెండుసార్లు సూసిన. గా కిందనే కూసున్న. మస్తు భయమైంది."

నా వైపు చూడకుండానే, "నాకు బతకాలనుందక్కా" అన్నాడు.

రెండేళ్లలో వాడి నోటి నుంచి ఆ మాట నేను వినడం అదే మొదలు. వాడి పక్కన బస్తా మీద కూర్చున్నాను. తిట్టడానికి ఇంకేమీ మిగల్లేదు. అప్పుడు నాకు నా మీదే అనుమానం వచ్చింది. కూరగాయలామె తరాజును కూడా వదలని నేను, జాకెట్లు వదులైనా, ఇంట్లో మిషన్, బయట మిషన్ రెండూ నేను దిగాననే చెబుతున్నా ఎందుకు నమ్మలేదు? నన్ను బరువుగా చూపించిన ఒక్క కాటానే ఎందుకు నమ్మాను? ఆదివారం అంకె దిగనప్పుడు ఏడ్చిన మాట నిజమే. కానీ ఆ రాత్రులు నేను బాగా నిద్రపోయాను. అది కూడా నిజమే. ఈ సంగతి వాడికి చెప్పలేదు. మా ఆయనకు చెప్పాను. ఆయన వెళ్లి, తడి గుడ్డతో నూనె సీసా మీది గీతలు తుడిచేశాడు.

మిగిలిన మూడు కిలోలకు ఆరు వారాలు పట్టింది. ఇంట్లో మిషన్ మీదే చూసుకున్నాను. అంకె దిగిన ప్రతిసారీ ఇప్పుడు నాకు భయం వేసింది, ఆ భయంతోనే మరునాడు లేచి నడిచాను.

హైదరాబాద్ ఆసుపత్రిలో నర్సు నన్ను కాటా ఎక్కమంది. తమ్ముడు తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డాడు. ఆ ఆరు వారాల్లో వాడి మొహం ఇంకా ఉబ్బింది. డెబ్బై ఒకటిన్నర అని పడింది. నర్సు పెన్ను తీసింది.

"మేడం, ఇంకోసారి సూడుండ్రి. కాటా తప్పు గిట్ల సూపెడ్తున్నదేమో" అన్నాడు తమ్ముడు. వాడు అంకెల వైపు చూడటం లేదు. నా వైపు చూస్తున్నాడు.

నర్సు పెన్ను ఆపి నా మొహం చూసింది. నేను ఇంకా కాటా మీదే ఉన్నాను.

"కాటా మంచిగనే ఉన్నది మేడం, రాసుకోండి" అన్నాను.