కరెంటు లేని పెట్టె

నా భార్య చనిపోయిన ఆరో నెలలో మా ప్రీ-యాంప్లిఫయర్ పాడైంది. క్యాసెట్ ప్లేయరుకీ, గాజు బల్బుల్లాంటి వాల్వులతో నడిచే పవర్ యాంప్లిఫయరుకీ మధ్య ఉండే పెట్టె అది. ఆమె ఒంటరిగా పాడిన పాట ఒక్క క్యాసెట్‌లోనే ఉంది. చర్చి కోసం కీర్తన సాధన చేస్తుంటే ఇంట్లో నేను రికార్డు చేశాను. ఫోన్లో ఉన్నవన్నీ పదిమందితో కలిసి పాడినవి. ఆ క్యాసెట్ సరిగా వినబడకపోతే ఆమె గొంతును జ్ఞాపకానికి వదిలేయాలి. నా జ్ఞాపకం మీద నాకు నమ్మకం లేదు.

సత్తెనపల్లి నుంచి మెకానిక్ వచ్చాడు. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడు. పాత పెట్టె ఇక బాగుపడదని చెప్పి, వారం తర్వాత చిన్న రేకు పెట్టె తెచ్చి బిగించాడు.

"దీనికి ప్లగ్గేదయ్యా?"

"ఉండదండి మాస్టారూ. పాసివ్ ప్రీ-యాంప్ అంటారు. సౌండు తగ్గిస్తుందే గానీ పెంచదు. పెంచడానికి మీ వాల్వులున్నాయిగా, మధ్యలో ఇంకోడి పెత్తనం ఎందుకండీ?"

అతను వెళ్ళాక క్యాసెట్ పెట్టాను. ఆమె దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు ఉంది. 'స' అన్నచోటల్లా శబ్దం మొద్దుబారింది. పెట్టె మూత విప్పి చూస్తే ఒక నాబు, నాలుగు సాకెట్లు, కాసిని వైర్లు ఉన్నాయి. అంతే.

పెట్టె బిగించిన రోజు నేను మందుల షాపుకు వెళ్ళినప్పుడు అతను అరగంట ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. ఇప్పుడు మంచి ధర పలికే ఆ పాత వాల్వులు మార్చేశాడేమో అనిపించింది. ఫోన్లో ఉన్న పాత ఫోటోతో వాటి మీది అక్షరాలు పోల్చి చూశాను. తేడా లేదు. అక్షరాలు తుడిచి మళ్ళీ అచ్చు వేయవచ్చు కదా అనుకున్నాను. ఫోన్ చేసి అడిగేశాను.

"ఆ వాల్వులు మావేనా?"

"రేపొస్తానండీ" అన్నాడు.

వచ్చాక వాల్వుల జోలికి పోలేదు. రేకు పెట్టె నుంచి బయలుదేరిన వైరును చేత్తో పట్టుకుని, గడప దాటి, గోడ వెంట లోపలి గదిలోకి నడిచాడు. మా పక్కనే జిన్నింగు మిల్లు. పత్తి వచ్చే రోజుల్లో నూగు ఎగిరి వేడి వాల్వుల మీద పడి కమురు వాసన వస్తుందని, నా భార్య ఎప్పుడో పవర్ యాంప్లిఫయరును ఆ గదిలో పెట్టించింది.

"ఇంత పొడుగు వైరా! పాత పెట్టెకు కరెంటుంది, అంతదూరం నెట్టింది. దీనికా బలం లేదండీ. సన్నటి శబ్దాలన్నీ దార్లోనే పోతున్నాయి. యాంప్లిఫయర్ని ముందుగదిలో పెడితే మూరెడు వైరు చాలు. నూగు పడకుండా కిటికీలు మూసుకోండి." ఆగి మళ్ళీ అన్నాడు. "మీ వాల్వులు ఎత్తుకెళ్ళి ఏం చేసుకుంటానండీ, ఆవకాయ పెట్టుకుంటానా?"

ఇద్దరం యాంప్లిఫయరును ముందుగదిలోకి మోసి, పొట్టి వైరు తగిలించాం. ఆమె గొంతు శుభ్రంగా వచ్చింది. దానితో పాటు ఊపిరీ వచ్చింది. చరణం చివర కాదు, మాట మధ్యలో ఆగి గాలి తీసుకుంటోంది. రెండో చరణంలో మూడుసార్లు. మేము మొదటిసారి ఆస్పత్రికి వెళ్ళింది ఆ రికార్డింగు అయిన రెండేళ్ళకు.

పాత పెట్టె దీన్ని దాచిందేమో అనుకున్నాను.

"అందులో ఈ ఆయాసం వినబడేది కాదు కదా?" అని అడిగాను.

"వినబడకేమండీ. పోయినేడు నేను రిపేరుకు వచ్చి ఈ క్యాసెట్టే పెట్టి చూసినప్పుడూ ఉంది. అమ్మగారు అలాగే పాడతారనుకున్నా."

అతనికి క్షమాపణ చెప్పవలసింది అప్పుడే. చెప్పకుండా క్యాసెట్ వెనక్కి తిప్పాను.