పుట్ట చుట్టూ అమ్మ వేసిన ముగ్గు

మా చిన్నప్పుడు... భిలాయిలో స్టీలు ప్లాంటు వాళ్లు ఇచ్చిన మా సెక్టారు క్వార్టర్ల వెనక, గోడ పక్కన ఒక పుట్ట ఉండేది. నాగుల చవితికి మన తెలుగిళ్ల వాళ్లందరం తలస్నానం చేసి, చెప్పుల్లేకుండా అక్కడికే వెళ్లేవాళ్లం. పాలు, చిమ్మిలి, చలిమిడి... దీపావళికి కాల్చగా మిగిల్చి దాచిన టపాకాయలు కూడా. పుట్ట దగ్గర కాల్చడం శ్రీకాకుళం నుంచి మాతో వచ్చిన ఆనవాయితీ.

ఆ ఏడాది మా చెల్లెలు బుజ్జి పుట్ట కన్నం దగ్గర చిమ్మిలి ఉండ పెడుతోంది. వెనకాల పక్కింటి మామయ్య సీమటపాకాయల దండ అంటించాడు. చప్పుడు ఇంకా ఆగనేలేదు... పక్క కన్నంలోంచి తాచుపాము వచ్చి, బుజ్జి ఎదుట పడగ ఎత్తింది.

అందరం వెనక్కి పరుగెత్తాం. బుజ్జి ఒక్కతే మిగిలింది... ఉత్త కాళ్లతో.

అమ్మ అరవలేదు. "బుజ్జీ, కదలకు. కాలెత్తకు. నా కేసి సూడు" అంది. రోజూ చదివే స్తోత్రం నాకు ఒక్క ముక్క గుర్తు రాలేదు.

మామయ్య కర్ర ఎత్తాడు. నాన్న ఆ చెయ్యి పట్టుకున్నాడు. "దించు బావా. నువ్వు కొడితే అది పిల్లని కరుస్తాది. దాని దారిన దాన్నెల్లనీ."

ఎంతసేపు గడిచిందో... పడగ దిగింది. బుజ్జి పాదం పక్కనుంచే పాము పొదల్లోకి వెళ్లిపోయింది. అప్పుడు అమ్మ పరుగున వెళ్లి బుజ్జిని ఎత్తుకుంది.

మరుసటి ఏడాది నుంచి టపాకాయలు లేవు. నాన్న ప్లాంటు బూట్లు తొడుక్కుని, ఆ అదురుకి పాము ముందే తప్పుకోవాలని నేల అదిరేలా అడుగులు వేస్తూ ముందు నడిచేవాడు. "పుట్టకాడికి బూట్లేటి బావా, డ్యూటీకా?" అని మామయ్య ఎగతాళి. "డ్యూటీయే" అనేవాడు నాన్న. అమ్మ పుట్టకి దూరంగా, చుట్టూ ముగ్గు వేసేది. అది దాటి ఎవరూ వెళ్లకూడదు. దొప్పలో కాసిని పాలు ముగ్గుకి ఇవతలే పెట్టి, అక్కడినుంచే దండం.

ఇప్పుడు ఆ పుట్ట లేదు. మొన్న చవితికి భిలాయి పక్కనే ఉన్న ఉతైలో, బుజ్జి వాళ్ల ఊరి చివర పుట్టకి వెళ్లాం. జనం ఫోన్లు పట్టుకుని కన్నం దాకా వంగుతున్నారు... నేను ముగ్గు వేశాను. బుజ్జి మనవరాలు "నానీ, ఏక్ ఫోటో" అని అమ్మమ్మని హిందీలో అడుగుతూ దాటబోతే, బుజ్జి చెయ్యి పట్టి ఆపింది.

మీ ఇళ్లలో పుట్ట దగ్గర పెద్దవాళ్లు ఏం జాగ్రత్త చెప్పేవారో రాయండి... పిల్లలకి చదివి వినిపిస్తాను.

మొన్న దండం పెట్టినంతసేపూ నేను మాత్రం కళ్లు మూసుకోలేదు... బుజ్జి పాదాల కేసే చూస్తూ ఉన్నాను.