గుండ్రటి సీలు, డబుల్ ఏ

ఒక కళాశాల వెబ్‌సైటు మీద నాకున్న కోపం కాలంతోపాటు తగ్గుతుందేమోనని ఎదురుచూశాను. తగ్గలేదు. అందుకే రాస్తున్నాను.

నాకు చూపు నలభయ్యో ఏట పోయింది. అంతకుముందు ఒక ఆడిటరు గారి ఆఫీసులో లెక్కలు సరిచూసేవాణ్ణి. ఇప్పుడు కొవ్వూరులో, ఇంటి దగ్గరే, కామర్సు విద్యార్థులకు ట్యూషన్లు చెబుతాను. తెర మీద ఉన్న అక్షరాలను ఫోను పైకి చదివి వినిపిస్తుంది. డైరీ కూడా దానితోనే రాస్తాను. ఒక వేసవిలో గోదావరికి అవతల, రాజమహేంద్రవరంలో, ఒక ప్రైవేటు కళాశాల అకౌంట్స్ అధ్యాపకుడి ఉద్యోగానికి దరఖాస్తులు పిలిచింది. పెట్టుకున్నాను. పరీక్షలు కాగానే ఖాళీ అయిపోయే ట్యూషన్ల మీద బతికే మనిషికి నెలనెలా జీతమంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. ఇంటర్వ్యూ తేదీ వెబ్‌సైటులో పెడతామన్నారు.

రోజూ పొద్దున్నే ఆ ప్రకటనల పేజీ తెరిచేవాణ్ణి. ఫోను "ఇమేజ్" అనేది. కిందికి జరిపితే మళ్ళీ "ఇమేజ్". వార్షికోత్సవం ఫోటోలు కాబోలు అనుకున్నాను. పేజీ అడుగున మాత్రం స్పష్టంగా వినిపించేది: "ఈ వెబ్‌సైటు డబుల్ ఏ స్థాయి ప్రమాణాలకు అనుగుణంగా ఉన్నది." ఆ పేజీ మొత్తం మీద అక్షరాల్లో ఉన్నది ఆ ఒక్క అబద్ధమే.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక నా భార్య నా ఫోను అందుకుని చూసింది.

"ఏవండీ, ఇవి ఫోటోలు కాదండీ, నోటీసులు. మీ ఇంటర్వ్యూ మొన్న శుక్రవారమేనంట."

అన్నం మానేసి కూర్చున్నాను. నా మీద నాకు కోపం రాలేదు. రావలసిన చోటు వేరే ఉంది.

ఈ స్థాయిల సంగతి మా డెల్టా వాళ్ళకు చెప్పడం తేలిక. బ్యారేజీ దగ్గర వరదకు మూడు ప్రమాద హెచ్చరికలుంటాయి. మొదటి హెచ్చరిక మట్టం దాటని నీళ్ళు రెండో మట్టానికి ఎక్కవు. వైకల్యమున్నవాళ్ళకు కూడా అందాలని వెబ్‌సైట్లకు పెట్టిన ప్రమాణమూ అంతే: ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ. ఏ అంటే కనీసం. బొమ్మ పెడితే అందులో ఏముందో అక్షరాల్లో చెప్పాలి. మౌస్ పట్టలేనివాడు కీబోర్డు మీటలతోనే పని పూర్తిచేయగలగాలి. ఏ స్థాయిలో ఉన్నవన్నీ నెరవేరాకనే డబుల్ ఏ మాట ఎత్తాలి. ట్రిపుల్ ఏ ఇంకా కఠినం. సైటు మొత్తానికి దాన్ని నియమంగా పెట్టుకోమని ప్రమాణం రాసినవాళ్ళే అడగరు.

సోమవారం బస్సెక్కి వంతెన దాటి వెళ్ళాను. ప్రిన్సిపాలు గారి గొంతులో తేనె కారుతోంది.

"అయ్యో మాస్టారూ, ఒక్కరే వచ్చారా? తోడెవరూ లేరాండీ?"

"తోడు మీ వెబ్‌సైటుకి కావాలండి, నాక్కాదు."

ఆయన నవ్వేసి గుమాస్తాను పిలిచారు. గుమాస్తా తమ పద్ధతిని గర్వంగానే వివరించాడు. నోటీసు కంప్యూటర్లో టైపు చేస్తారు. ప్రింటు తీస్తారు. ప్రిన్సిపాలు గారు ఆకుపచ్చ సిరాతో సంతకం చేస్తారు. దాని మీద గుండ్రటి సీలు పడుతుంది. అప్పుడు ఫోనుతో ఫోటో తీసి సైటులో పెడతారు.

"టైపు చేసిందే నేరుగా పెట్టొచ్చు కదా?"

"భలేవారండీ! సీలు లేకపోతే ఎవరు నమ్ముతారు? టైపు ఎవడైనా కొడతాడు."

అక్షరాలుగా పుట్టినదాన్ని ఇంత శ్రమపడి బొమ్మగా మార్చి, నాకు అందకుండా చేసి, దానికి అధికారమని పేరు పెట్టుకున్నారు. మా జిల్లాల్లో సీలు పడని మాటకు విలువ లేదు. సీలు పడిన మాటను చదివేవాడూ లేడు. ఈ రెండో సంగతి నాకప్పటికి తెలియదు.

"డబుల్ ఏ తెచ్చుకున్నాం మాస్టారూ, సామాన్యమా!" అన్నారు ప్రిన్సిపాలు గారు. "సైటు చేసినాయన ట్రిపుల్ ఏ కూడా వేసేస్తానన్నాడు. మరీ అత్యాశెందుకని మేమే వద్దన్నాం."

తరువాత గొంతు తగ్గించి అసలు విషయానికి వచ్చారు. కళాశాలకు గ్రేడు ఇచ్చే తనిఖీ బృందం రాబోతోంది. చూపులేని మనిషే సైటును పరీక్షించి కాయితం ఇస్తే బృందం దగ్గర మాట నిలబడుతుంది. ఉద్యోగం ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. కాయితం ఇస్తే నాకు విడిగా ఇంటర్వ్యూ పెట్టిస్తారట.

పరీక్షించి, కనబడినదే రాస్తానన్నాను. "అదేనండీ మాక్కావలసింది," అన్నారాయన.

మూడు రోజులు కూర్చున్నాను. బొమ్మల్లో ఒక్కదానికీ వివరణ లేదు. దరఖాస్తు పంపే మీట మౌస్ లేకుండా పనిచేయదు. నా దరఖాస్తును కూడా నా భార్యే నొక్కి పంపింది. రంగులు నాకు కనబడకపోయినా వాటి సంకేతాలు పేజీ లోపల అంకెల్లో ఉంటాయి. లెక్క కట్టాను: మామూలు అక్షరాలకూ వెనుక రంగుకూ వెలుగులో నాలుగున్నరకు ఒకటి నిష్పత్తిలో తేడా ఉండాలి, ఇక్కడ రెండు దాటలేదు. అంటే చూపున్న ముసలివాళ్ళకు కూడా ఈ సైటు శత్రువే. "ఈ వెబ్‌సైటు డబుల్ ఏ మాట అటుంచి, ఏ స్థాయిని కూడా అందుకోలేదు. అడుగున ఉన్న ప్రకటన అసత్యం" అని ముగించి, ప్రింటు తీయించి, తీసుకెళ్ళి ఇచ్చాను.

"వేలిముద్రాండీ?" అన్నాడు గుమాస్తా.

"సంతకం. పెట్టాల్సిన చోటు నువ్వు చూపించు, పేరు నేను రాస్తాను."

ఠప్పున సీలు పడింది. సాయంత్రం సైటు తెరిస్తే కొత్తది ఒకటి వచ్చి చేరింది. ఫోను చదివింది: "ఇమేజ్."

బృందం వచ్చి వెళ్ళాక నన్ను పిలిచారు. ఇంటర్వ్యూ రోజు పొద్దున్న నా భార్య చొక్కా బొత్తాలు సరిచేస్తూ, "ఇవాళొక్క రోజు నోరు కాస్త కట్టుకోండి బాబూ, మీకు పుణ్యముంటుంది," అంది.

గదిలో ముగ్గురున్నారు. జమాఖర్చుల మీద అడిగినవాటికి తడుముకోకుండా చెప్పాను. చివర్లో ప్రిన్సిపాలు గారు మిగతా ఇద్దరితో, "మాస్టారి కాయితం మనకు చాలా ఉపయోగపడిందండీ. బృందం వాళ్ళు చూసి మెచ్చుకున్నారు. వచ్చే సోమవారం నుంచే రమ్మందామా?" అన్నారు.

ఊరుకుంటే ఉద్యోగం నాది. ఆ పేజీ నా పేరుతో, నా సంతకంతో అబద్ధాన్ని మోస్తూ ఉంటుంది. నాలాంటి మరొకడు ఇంకో శుక్రవారం పోగొట్టుకుంటాడు.

"ఆ కాయితంలో ఏముందండీ?" అన్నాను.

"అదేంటి మాస్టారూ, రాసింది మీరేగా!"

"నేను చదవలేనండి. బొమ్మగా పెట్టారు. ఎవరైనా చదివి పెట్టండి."

గుమ్మం దగ్గరున్న గుమాస్తా ఫోను తీసి ఉత్సాహంగా మొదలుపెట్టాడు. రెండో వాక్యానికి గొంతు సన్నగిల్లింది. నాలుగో వాక్యం దగ్గర ఆగాడు.

"తీసెయ్యమంటారా సార్?" అని అడిగాడు చివరికి, నన్ను కాదు.

"ఇంకా అడుగుతావేంటయ్యా! తీసెయ్."

ఉద్యోగం సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇంటికి చేరేసరికి నా మొహం చూసి నా భార్య కంచం పెట్టింది.

తిన్నాక సైటు తెరిచాను. డబుల్ ఏ వాక్యం అడుగున అలాగే ఉంది. ఇదివరకు నా కాయితం ఉన్న చోట ఫోను ఏమీ పలకలేదు. నా భార్యను చూడమన్నాను. తనకీ ఏమీ కనబడలేదంది. చూపున్నవారికీ లేనివారికీ సమానంగా అందే నోటీసు ఆ కళాశాలలో అదొక్కటే.